తెగిపోయే దారం

అమ్మా,

తమ్ముడికి నాసిరకం దారంతో జపమాల కట్టి ఇచ్చానని పిన్నితో అన్నావట. నిజమే. నువ్వు పంపిన నైలాన్ తాడు ఉండ నా బీరువాలోనే ఉంది, తాళం వేసి పెట్టాను.

ముడి వేశాక ఒంట్లో బలమంతా పెట్టి లాగి చూడమని చిన్నప్పుడు నేర్పావు. ఇప్పుడు ముడి వేయకముందే దారాన్ని లాగి చూస్తున్నాను. తెగితేనే వాడుతున్నాను. వార్డు నర్సు మొదటిరోజే చెప్పింది: "గుంజితే తెగాలండీ. తెగనిదేదీ లోపలికి పంపం." ఎందుకని నేను అడగలేదు. వాడు మేడమెట్ల మీద జారిపడ్డాడని చుట్టాలందరికీ చెబుతున్న నువ్వూ అడగవు.

సన్న నూలు దారం పది రోజులకే పీచు లేస్తుంది. పోయిన ఆదివారం వాడు తెగిన మాలను నా చేతిలో పెట్టి, "అక్కా, నా మీద నీకున్న నమ్మకం ఇంతేనా?" అన్నాడు.

దారం పాతదన్నాను.

"ఇంత చదివావు, అబద్ధమాడటం మాత్రం నేర్చుకోలేదు," అని నవ్వాడు. ఆసుపత్రిలో చేరాక వాడు నవ్వడం అదే మొదలు. అందులో ఎగతాళి ఎంతో, క్షమ ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వచ్చే ఆదివారం నువ్వూ రా. తాడు తేవద్దు. వాడు ఏం చేసుకోబోయాడో నీకు తెలుసని ఒక్కసారి వాడి ముందు అను. ఇంటికి వచ్చాక ఏ తాడుతో కట్టాలో అప్పుడు వాడినే అడుగుతాను.

రాలేనంటావా, నాసిరకమని అందరికీ చెప్పుకో. నేను తెగేదే కడుతూ ఉంటాను.

నీ కూతురు