బాబాయి గొంతులో మూత

చిరంజీవి పిచ్చుకకు,

బాబాయి దీవించి రాస్తున్నది. వానలు బాగా పడుతున్నాయి, గొడుగుల రిపేర్లు బోలెడు వస్తున్నాయి. నా ఒళ్ళే బాగాలేదు. మొన్న భోజనాల దగ్గర మీ పిన్ని వాళ్ళ ఆఫీసరు ఎలా తుమ్ముతాడో చేసి చూపించింది. నవ్వాను. ముద్ద దారి తప్పింది, ఊపిరాగింది. పిన్ని వీపు మీద గుద్దబట్టి బతికాను. అప్పటినుంచి ఏది మింగాలన్నా భయం. గంజి మీదే నడుస్తున్నాను. ప్యాంటు నిలవడం లేదు. నర్సు చదువు చదువుతున్నావు కదా, మింగింది ఎటు పోతుందో కాస్త రాయి.

ఇట్లు,
బాబాయి

తా.క.: భయం సంగతి పిన్నికి చెప్పకు. గంజంటే నాకు ఇష్టమనుకుని మూడు పూటలా అదే కాస్తోంది.

*

బాబాయికి నమస్కారాలు.

గొంతులో ఊపిరికో దారి, తిండికో దారి ఉంటాయి. మింగేటప్పుడు ఊపిరి దారి మీద చిన్న మూత దానంతటదే వాలుతుంది. నవ్వుతూ మింగితేనే చిక్కు. బాగా నములు. నమిలేకొద్దీ అన్నం తియ్యనవుతుంది, అంటే లాలాజలం పని మొదలుపెట్టిందన్నమాట. తర్వాత తిండి గొట్టం కండరాలు ముద్దను మెల్లగా పొట్టలోకి తోస్తాయి. ఖాళీ పొట్ట నీ మూసిన గొడుగులా ముడతలు పడి ఉంటుంది, తింటే విచ్చుకుంటుంది. అక్కడ పుల్లటి రసంలో మూడు నాలుగు గంటలు చిలుకుడే. తినేటప్పుడు మాట్లాడకు, చాలు.

నీ పిచ్చుక

తా.క.: ఇదంతా ఇలాగే పరీక్షలో రాసి ఉంటే పాసయ్యేదాన్ని.

*

చిరంజీవి పిచ్చుకకు,

గంజి మానేశాను. నువ్వన్నట్టే నోరు మూసుకుని తింటున్నాను. మూడు నాలుగు గంటలు చిలుకుతుందన్నావు కాబట్టి, అంతసేపూ మూత కదలకుండా తిన్నాక కూడా మాట్లాడటం లేదు. ఎవరైనా గొడుగు ధర అడిగితే వేళ్ళు చూపిస్తున్నాను. మెట్ల కింద నా రిపేరు గదిలో కళ్ళు మూసుకుంటే, నా లోపలెక్కడో మసక వెలుతురు వీధిలో ఒక ముద్ద నానుతూ, కరుగుతూ తేలిపోతున్నట్టుంటుంది. దానికి అడ్డు తగలబుద్ధి కాదు.

చిక్కల్లా పిన్నితోనే. రోజంతా టికెట్ల కిటికీ వెనక అంకెలు తప్ప ఇంకో మాట అనే వీలుండదు ఆవిడకి. దాచుకున్న కబుర్లన్నీ రాత్రి భోజనాల దగ్గరే విప్పుతుంది. నేను పలక్కపోయేసరికి, నా మీద కోపమా అని అడిగింది. పొట్ట చూపించాను. "అంటే నా వంట బాగాలేదనా?" అంది. చెయ్యి ఊపాను. అదెలా అర్థమైందో, సంచీ సర్దుకుని వాళ్ళ అక్కయ్య ఇంటికి వెళ్ళిపోయింది.

ఇట్లు,
బాబాయి

తా.క.: నీకు కాబట్టి చెబుతున్నాను, వంట నిజంగానే అంతంతమాత్రం. నమిలితే తియ్యనయ్యేది అన్నం ఒక్కటే.

*

బాబాయీ,

కొంప ముంచావు. మూత వాలేది మింగే ఆ ఒక్క క్షణమే. పొట్ట దాటాక ఇరవై అడుగుల చిన్నపేగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. కాలేయం నుంచి వచ్చే పసరు కొవ్వును చిన్న చిన్న బొట్లుగా విడగొడుతుంది. పేగు గోడలకున్న నూగులాంటి వేళ్ళు సారాన్ని పీల్చి నెత్తురులో కలుపుతాయి. మిగిలినదాంట్లో నీళ్ళు పెద్దపేగు లాక్కుంటుంది. నువ్వు మాట్లాడినా, నిద్రపోయినా ఆ పని ఆగదు, కాపలా అక్కర్లేదు. వెంటనే వెళ్ళి పిన్నిని తీసుకురా.

నీ పిచ్చుక

*

చిరంజీవి పిచ్చుకకు,

నేను బయల్దేరేలోపే పిన్ని తనే వచ్చేసింది. అక్కయ్య ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలోకి వాళ్ళు పోతారట. కబుర్లు లోపలే ఉండిపోయి, తిన్నది అరగలేదట. భయం సంగతి దాచకుండా చెప్పేశాను. "నువ్వు పెట్టిన ముద్దే నాలో నెత్తురై తిరుగుతోందట, పిచ్చుక రాసింది" అన్నాను. వెంటనే నా మణికట్టు పట్టుకుంది. బయట వాన పడుతూనే ఉంది. చాలాసేపు వదల్లేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నీ ఉత్తరాలు అడిగి తీసుకుంది. నవ్వుతూ మింగితేనే చిక్కు అని రాసిన మొదటిది ఒకటికి రెండుసార్లు చదివింది. రెండోది ఎంత బతిమాలినా ముట్టుకోలేదు. "మీ ప్రాణం కంటే నా కబుర్లు ఎక్కువా?" అంది. ఆవిడ నోటినుంచి విన్న ఆఖరి మాట అదే. ఇప్పుడు భోజనం అయ్యాక నాలుగు గంటలే కాదు, రోజంతా ఆవిడే మాట్లాడటం లేదు, నేను నవ్వుతానేమోనని.

కాబట్టి తల్లీ, కబుర్లు చెబితేనే అరుగుతుందని పిన్నికి ఒక ఉత్తరం రాయి. మీ పుస్తకాల్లో లేకపోయినా సరే.

ఇట్లు,
బాబాయి

తా.క.: త్వరగా రాయి. ఇవాళ పనినుంచి వస్తూనే ఏదో చెప్పబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదేమిటో తెలియక నాకు ముద్ద మింగుడు పడటం లేదు.