ఆయన ఇచ్చిన ఒక్క పర్మిషన్

జూన్ 3
ఏడింటికి మా ఆయన గొంతు మళ్లీ పలికింది. అమ్మా, లే, మాత్ర వేసుకో, ఇదిగో వచ్చేస్తున్నా. నైట్ షిఫ్టుల రోజుల్లో రికార్డు చేసి, రోజూ మోగేలా కంప్యూటర్‌లో పెట్టారు. మనిషి పోయి నెల దాటింది. గొంతు మాత్రం టైముకి వస్తుంది. అత్తయ్య షుగర్ మాత్ర వేసుకుని, వాడు వచ్చాకే తింటానని తలుపు దగ్గర కూర్చుంటుంది.

జూన్ 4
స్పీకర్ వైరు పీకాను. నా కొడుకు నోరు నొక్కుతావా అంటూ అత్తయ్య మళ్లీ తగిలించింది. కంప్యూటరే ఆపేద్దామంటే ఆవిడకి స్విచ్చి తెలుసు. అసలు నాకే చెయ్యి రాలేదు. ఆయన ఆన్ చేసి వెళ్లింది అలాగే ఉంది.

జూన్ 9
అత్తయ్య పడిపోయింది. మాత్ర వేసుకుని తినకుండా కూర్చుంటే ఇంకోసారి లేవదని డాక్టరు నాకు చీవాట్లు పెట్టారు.

జూన్ 10
కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. ఇది Windows లాంటిదే, Linux అంటారు, ఆ మోత ఆపాలంటే అడ్మిన్ కావాలి, అడ్మిన్ ఆయన, పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది, మొత్తం తుడిచేద్దామా అన్నాడు. నీ మొహం అనబోయి ఆగాను. మామూలు యూజర్‌కి కూడా ఒకటో రెండో అడ్మిన్ ప్రోగ్రాములు నడిపే వీలు ఇస్తుంటారు, చూద్దామని sudo ఏదో కొట్టాడు. నాకు ఒక్కటే ఇచ్చారట. userdel. యూజర్‌ని తీసేసేది. ఆయన్ని తీసేస్తే ఆ మోత ఆగుతుందట, ఫైళ్లు ఉంటాయట.

మహానుభావుడు. ఇన్నేళ్ల కాపురంలో ప్రింటర్ మార్చుకోవాలన్నా ఆయన్నే బతిమాలుకున్నాను. ఇచ్చింది ఇదా? ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు ఇచ్చారట, తేదీ కనిపిస్తోంది. అంటే తెలుసన్నమాట. నాతో నవ్వుతూ బట్టలు సర్దించుకున్నారు.

జూన్ 11
నా వల్ల కాదు.

జూన్ 13, మధ్యాహ్నం
పదింటిదాకా ముద్ద ముట్టలేదు అత్తయ్య. చేతులు వణుకుతున్నాయి ఆవిడకి. ఆయన మీద ఒళ్లు మండింది. కూర్చుని sudo userdel, ఆయన పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. ఆయనది కాదు, నాది. ఇచ్చాను. కుదరదు, ఈ యూజర్ ఇప్పుడు వాడుకలో ఉన్నాడు అని వచ్చింది.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరుంటారు, నా పిచ్చి గానీ.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఆయన లాగౌట్ కాకుండా వెళ్లిపోయారు మేడమ్, ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి చాలు అన్నాడు.

జూన్ 13, సాయంత్రం
ఆపాను. లోపల ఫ్యాను చప్పుడు ఆగిపోతే గది గదిలా లేదు. ఆన్ చేసి మళ్లీ కొట్టాను. నిజంగానేనా అని ఒక్క మాటైనా అడగలేదు. ఫైళ్లు చూశాను, అన్నీ ఉన్నాయి. ఓనర్ అన్నచోట ఆయన పేరు పోయి 1001 అని నంబరు వచ్చింది. అత్తయ్యకి వినబడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను.

జూన్ 14
ఏడు దాటింది, గొంతు పలకలేదు. వాడు చెప్పే వెళ్లాడా అని అత్తయ్య అడిగింది. చెప్పారన్నాను. పళ్లెం దగ్గరికి లాక్కుంది.