ఒక్క నిమిషం గోల

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలొక్కటీ పక్కన పెడితే మిగతా శాల్తీ అంతా క్షేమమే. అక్కడ నువ్వూ, కోడలూ, మా బుజ్జి మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు రాస్తున్నాను. చెవి మిషను మీ నాన్న పెట్టుకుంటున్నారు. కానీ నేను నోరు తెరవగానే తీసేస్తున్నారు, అడిగితే బ్యాటరీ ఆదా అంటున్నారు. మనవరాలు రాత్రంతా ఏడుస్తోందని బెంగపడకు. నువ్వు అంతకంటే ఎక్కువే ఏడ్చావు, అయినా నిన్నెవరికీ ఇచ్చెయ్యలేదు. ఇక మూడోది, "ఫ్యాక్టరీ గేటు దగ్గర సభ ఎవరికోసం? నీకెందుకంత హడావిడి?" అని అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది. అది నీకు నా ద్వారానే తెలియాలి, ఇంకొకరి నోట వినకూడదు. కుదురుగా కూర్చుని చదువు.

సైకిల్ బెల్లుల ఫ్యాక్టరీలో నా పని నీకు తెలుసు కదా, ప్రతి బెల్లూ మోగించి చూడటం. నా పక్క స్టూలు మీద, అందరూ గలగల అని పిలిచే నా స్నేహితురాలు కూర్చునేది. అసలు పేరు జీతాల రోజున తప్ప వినపడేది కాదు. తను నవ్విందంటే ఏ బెల్లు మోగిందో ఏది మోగలేదో తెలియక మేస్త్రీ తల పట్టుకునేవాడు. ఒకసారి మా ఇద్దర్నీ విడదీశాడు. ఆ మూల నుంచి ఈ మూలకి అరుచుకుంటున్నామని మళ్ళీ తనే పక్కపక్కన కూర్చోబెట్టాడు.

నువ్వు పాలు తాగే పిల్లాడిగా ఉన్నప్పుడు తను పోయింది. జ్వరం అన్నారు. ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళు చాలామంది జ్వరంతోనే పోయారు. కడుపు తీయించుకోవడం అప్పుడు నేరం. ఆసుపత్రిలో చెయ్యరు, చేస్తే జైలు. అందుకని చేతులు కూడా కడుక్కోని వాళ్ళ దగ్గరికి దొంగచాటుగా వెళ్ళేవాళ్ళు. కొందరు బతికేవాళ్ళు, కొందరు లేదు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. చట్టం మారి ఇన్నేళ్ళయ్యాక, గలగల కూతురు, మన వీధి చివర బళ్ళో టీచరమ్మ, పట్టుబట్టి ఆ ఆడవాళ్ళ పేర్లతో ఫ్యాక్టరీ గోడకి రాతి పలక పెట్టించింది.

సభ ఎలా జరపాలో మాట్లాడుకుందామని మునిసిపాలిటీ ఆఫీసరు ఫ్యాక్టరీలో పనిచేసిన పాతవాళ్ళం మమ్మల్ని పిలిచాడు. పలక మీది తెర తీశాక అందరూ ఒక నిమిషం మౌనం పాటించాలన్నాడు. మాతోపాటు బెల్లులకి మెరుగు పెట్టిన పాలిషింగ్ అక్క ఊరుకుంటుందా?

"మౌనమా? ఇన్నేళ్ళూ మేం చేసిందదే కదా బాబూ! ఇంకో నిమిషం తక్కువైందా?"

"మరేం చేద్దామంటారమ్మా?"

"గోల చేద్దాం. బెల్లులున్నాయిగా!"

మా ఇళ్ళల్లో బెల్లులకేం కొదవ? సరిగ్గా మోగనివన్నీ రిటైరయ్యేటప్పుడు మాకే అంటగట్టారు. సభ రోజు నువ్వు చూసి ఉండాల్సింది. ముసలమ్మలందరూ సంచుల్లోంచి తలో బెల్లూ తీశారు. ఒకటి కీచుమంటుంది, ఒకటి దగ్గుతుంది, ఒకటి మోగాలా వద్దా అని ఆలోచిస్తుంది. వీధికుక్కలు పరుగో పరుగు. ట్రాఫిక్ పోలీసు ఎవరికి దారివ్వాలో తెలియక నాలుగు వైపులా ఆపేశాడు. నిమిషం అయిపోయిందని ఆఫీసరు చెయ్యి ఊపుతుంటే, అక్కడికేదో మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. పాలిషింగ్ అక్క నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

గోల సద్దుమణిగాక టీచరమ్మ మైకు ముందుకొచ్చింది. "మా అమ్మది జ్వరం కాదని పెద్దయ్యాక మా మేనత్త చెప్పింది. ఒక్కతే వెళ్ళిందట. పక్కన తోడెవరూ లేకుండా ఎంత భయపడిందో అని అప్పట్నుంచీ నాకు అదే బాధ" అంది.

నా కాళ్ళు వాటంతటవే లేచాయి, చిన్నోడా.

తను ఒక్కతే వెళ్ళలేదు. నేనున్నాను. తోడుకని కాదు, నేనూ అదే పని మీద వెళ్ళాను. నిన్ను కన్నప్పుడే నా ప్రాణం మీదికొచ్చింది. మళ్ళీ కడుపొస్తే బతకవని డాక్టరమ్మ చెప్పింది. తీరా వచ్చాక చట్టం ఒప్పుకోదు, నేనేం చెయ్యలేనంది. మీ నాన్నా నేనూ కలిసే ఆలోచించుకున్నాం. మర్నాటికి నాకూ గలగలకీ ఒళ్ళు కాలిపోతోంది. మీ నాన్న నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడి నర్సుకి అన్నీ అర్థమయ్యాయి, అయినా ఒక్క ప్రశ్న వెయ్యలేదు. గలగల ఇంట్లోవాళ్ళు పోలీసులొస్తారని భయపడి తలుపులేసుకున్నారు. నేను బతకడానికీ తను పోవడానికీ అంతే తేడా. మొదట్లో నాకూ పోలీసుల భయమే. తర్వాత ఆ భయం పోయింది గానీ నోరు పెగల్లేదు.

అదంతా మైకులో చెప్పేశాను. టీచరమ్మ నా దగ్గరికొచ్చి, నాకొక్కదానికే వినపడేలా, "దారిలో మా అమ్మ ఏం మాట్లాడింది?" అని అడిగింది.

"నవ్వించింది. 'నువ్వే ముందు లోపలికి పోవే, నేను ముందెళితే నా కేకలకి నువ్వు పారిపోతావు' అంది. తర్వాతంతా నీ గోలే. పొద్దున హడావిడిలో నీకు జడ వెయ్యలేదట. సాయంత్రం తొందరగా వెళ్ళి వెయ్యాలంది."

ఆ టీచరమ్మ జుట్టు సగం నెరిసింది. ఆవిడ కళ్ళెర్రజేస్తే బడి పిల్లలు గజగజలాడతారు. అలాంటిది వచ్చి నా ముందు మెట్టు మీద కూర్చుని, వీపు నా వైపు తిప్పి, క్లిప్పు తీసేసింది. దువ్వెన లేదు. వేళ్ళతోనే చిక్కు తీసి, పాయలు విడదీసి, జడ వేశాను. ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం. వెనక నుంచి పాలిషింగ్ అక్క "వంకరొస్తోందే, చూసుకో" అని పోరు పెడుతూనే ఉంది.

చేసినదానికి నేను సిగ్గుపడటం లేదు నాన్నా. నీకు అమ్మ ఉండాలనుకున్నాను, ఉన్నాను. నువ్వేమనుకుంటావోనని మాత్రం నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. జడ వేస్తున్నప్పుడు ఎవరో తీసిన ఫొటో పేపర్లో వేశారు, నా పేరూ నా మాటలూ కింద రాసి. అది నీ దాకా రాకపోదు. ఎవరైనా నీకు చూపించి, "ఈవిడ మీ అమ్మేనా?" అని అడుగుతారు.

అవునని చెప్పు.

ఇట్లు,
ఎప్పటికీ మీ అమ్మ