బకెట్ దాటిన వేరు

సుగుణా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇయ్యాల్నే ఖాజాగూడ ఇల్లు ఖాళీ చేస్తున్న. ఓనరమ్మ బిడ్డ వస్తున్నదట, మన రూములు కావాలె. సామానంతా మియాపూర్ పోయింది, నీ కరివేపాకు చెట్టు తప్ప.

కిరాయిండ్లల్ల చెట్టును భూమిల పెట్టొద్దు, పోయేటప్పుడు ఎత్తుకపోవాలె అని నువ్వు పెయింట్ బకెట్ల పెట్టినవు గదా. పొద్దున ఎత్తబోతే కదల్లే. వంగి చూస్తే, బకెట్ అడుగు పగలగొట్టుకొని వేరు భూమిలకు దిగింది.

దస్తావేజులు రాసెటాయన పక్కన కూసొని చాయ్ తాగిన రోజుల్ల నేర్చుకున్న ముక్క ఒకటుంది. ఇల్లమ్మితే మంచం మనిషితోని పోతది, తలుపు ఇంటితోనే ఉంటది. మరి ఇదేంది, మంచమా, తలుపా?

ఓనరమ్మ జర కూడా పరేషాన్ కాలే. "బకెట్ మీదే అన్నా, వేరు దిగిన జాగ నాది. చెట్టు ఎవరిదో దాన్నే అడుగుండ్రి" అని నవ్వింది.

గడ్డపార పట్టుకొని చానాసేపు కూసున్న. వేరు కోస్తే నాతోని వస్తది, కానీ బతుకుతదో లేదో. ఆఖరికి గడ్డపార గోడకు ఆనిచ్చి, కత్తితోని బకెట్‌నే చీల్చి తీసేసిన.

ఇరవై ఏండ్లు కిరాయికే ఉన్నం సుగుణా. మనింట్ల సొంత జాగ దొరికింది దానికొక్కదానికే.