అక్క ఆస్పత్రికి ఏ భాష?

1, సోమవారం. ఉదయం 7:10
కొత్త డైరీ, కొత్త పెన్ను, కొత్త నేను.

అక్క పశువుల డాక్టరు. పశువులంటే ఎక్కువగా కుక్కలూ పిల్లులూ, అప్పుడప్పుడూ ఓ కుందేలు. దేనికి ఎప్పుడు టీకా, దేనికి ఎప్పుడు ఆపరేషన్, అంతా కౌంటర్లో కూర్చునే అమ్మాయి బుర్రలోనే ఉంటుంది. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఇరవయ్యో తారీఖు నుంచి సెలవు.

"నువ్వు సాఫ్ట్‌వేరేగా, ఓ చిన్నది రాసిపెట్టరా. పేరు, తేదీ, టైము. ఒకే టైముకి రెండు పడకూడదు. అంతే," అంది అక్క.

అంతేనట. మాట ఇచ్చేశాను.

తీర్మానం: అన్నిటికంటే మంచి ప్రోగ్రామింగ్ భాష ఒక్కటి ఎంచుకుంటాను. ఎంచుకున్నాక పక్కచూపులు చూడను. ఆఫీసులో ఎనిమిదేళ్లుగా జావాతో కాపురం. ఇంట్లో కూడా అదేనా?

2, మంగళవారం. సాయంత్రం 6:30
పైథాన్! ఎంత హాయి. జావాలో ఇరవై లైన్లయ్యేది ఇక్కడ ఐదు. గంటలో పేర్ల జాబితా తయారు. ఇదే ఖాయం.

మా ఆవిడకి చూపించాను. "అయితే గురువారానికి అయిపోతుందా?" అంది. జాలిగా నవ్వాను.

4, గురువారం. మధ్యాహ్నం 1:15, ఆఫీసు క్యాంటీన్
పైథాన్ కాస్త నిదానమని పక్క సీటాయన అన్నాడు. అన్నం సహించలేదు. అక్క దగ్గరికి రోజుకి పదిహేను కుక్కలొస్తాయి. రేపు పదిహేను లక్షలొస్తే?

సాయంత్రం గో అనే ఇంకో భాష మొదలెట్టాను. వేగం ఉంది, గొడవ లేదు, ఒకేసారి వేల పనులు చక్కబెడుతుంది. ఇదే ఖాయం.

6, శనివారం
రస్ట్. ఇది భాష కాదు, మా లెక్కల మేష్టారు. తప్పుంటే అడుగు వెయ్యనివ్వదు. ఎక్కడ తప్పో చెప్పి, ఎలా దిద్దుకోవాలో కూడా చెబుతుంది.
ఉదయం నుంచి: తప్పులు 41. ప్రోగ్రాంలోకి ఎక్కిన కుక్కలు 0.
కానీ భద్రత అంటే ఇదీ.

4:00. అక్క ఫోన్. "ఎంతవరకొచ్చింది?"
"పునాది గట్టిగా వేస్తున్నానక్కా."
"పునాదేంట్రా? నేనడిగింది పేరూ తేదీయేగా."
డాక్టర్లకి ఇవన్నీ అర్థం కావు.

9, మంగళవారం
ఇలా లాభం లేదు. పద్ధతిగా పోల్చాలి. పట్టిక గీశాను. గడులు: వేగం, తేలిక, భద్రత, మొండితనం. పదేసి మార్కులు.
మొదటి లెక్కలో జావా గెలిచింది. ఎక్కడో పొరపాటు జరిగింది. మార్కులు సవరించాను. మళ్లీ జావా. 'కొత్తదనం' అని ఇంకో గడి కలిపాను. రస్ట్ గెలిచింది. ఇప్పుడు న్యాయంగా ఉంది.

13, శనివారం
పట్టికకి కాగితం చాలట్లేదు. మార్కుల కోసం ఓ చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. పేరు, తేదీ, టైము, గడులు. ఏ రోజు ఏ భాషతో కూర్చోవాలో గుర్తుచేస్తుంది. ఒకే టైముకి రెండు భాషలు పెడితే ఒప్పుకోదు. ఆలోచించకుండా చేతికొచ్చిన జావాలో కొట్టేశాను, నాలుగు గంటల్లో.
ఇక అసలు పని మొదలెట్టడమే తరువాయి. భాష తేలగానే.

16, మంగళవారం
జావాస్క్రిప్ట్ నేరుగా బ్రౌజర్లో నడుస్తుంది. అక్క కంప్యూటర్లో ఏదీ ఎక్కించక్కర్లేదు. ఈ ముక్క ముందే తట్టి ఉంటే బావుండేది. మళ్లీ మొదటినుంచి పోల్చాలి.

మా ఆవిడ అంది: "ఇన్ని భాషలొచ్చు కదా, మీ అక్కకి 'కాలేదు' అని చెప్పడం ఒక్కదాంట్లోనూ రాదా?"

పట్టికలో పడ్డాను.

18, గురువారం
కౌంటర్ అమ్మాయికి ఈ ఉదయమే నొప్పులొచ్చాయి. రెండు రోజులు ముందే. తప్పు నాది కాదు.

19, శుక్రవారం
ఆఫీసుకి సెలవు పెట్టి కౌంటర్లో నేనే కూర్చున్నాను. ఆపరేషన్ బల్ల ఒక్కటే. పదకొండింటికి ఇద్దరొచ్చారు. ఒకరికి ఆ అమ్మాయి చెప్పిందట, ఇంకొకరికి తెలియక అక్క చెప్పింది. రెండో ఆయన స్కూలు బస్సు డ్రైవరు. చేతిలో బుట్ట, బుట్టలో పిల్లి. ఆపరేషన్ కదా అని నిన్నటినుంచి దానికి ఏమీ పెట్టలేదు. సోమవారం రమ్మన్నాను.

"నాకంటే చెప్పారు. దీనికేం చెప్పమంటారు సార్?" అన్నాడు.

పిల్లి నన్నే చూసి అరుస్తోంది. సిగ్గుతో తల దించుకున్నాను. అక్క తిట్టలేదు. తిట్టినా బావుండేది.

20, శనివారం
ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను, కనీసం ఎంత కష్టపడ్డానో చూపిద్దామని. అక్క నా మార్కుల ప్రోగ్రాం కేసి చూసింది.
"ఒకే టైముకి రెండు పెడితే?"
"ఒప్పుకోదక్కా. కానీ ఇది భాషలకి..."
"జావా అని ఉన్నచోట డ్రైవరుగారి పిల్లి అని కొట్టు."
కొట్టాను. సోమవారం, తొమ్మిది. అదే టైముకి ఇంకో కుక్కని పెడితే ఒప్పుకోలేదు.

'మొండితనం' గడి తీసేస్తానన్నాను. "ఉండనీ, ఏది కరుస్తుందో రాసుకుంటా," అంది. ఎదురింటివాళ్ల తెల్ల బొచ్చుకుక్కకి పదికి పది వేసింది. నేను రస్ట్‌కి వేసిందీ అంతే.

"ఎప్పుడు రాశావిది?"
"పోయిన శనివారం."
అక్క వేళ్లమీద రోజులు లెక్కపెట్టి, శుక్రవారం దగ్గర ఆగింది. డ్రైవరు పిల్లి గురించేనని నాకు తెలుసు.

22, సోమవారం
పిల్లికి ఆపరేషన్ అయింది. కులాసా. కౌంటర్ అమ్మాయికి ఆడపిల్ల. ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. మనసే కుదురుగా లేదు: అది జావాలో ఉంది.

"రస్ట్‌లో తిరగరాసిస్తానక్కా," అన్నాను.
"దానిమీద చెయ్యి వేశావంటే విరగ్గొట్టి, కట్టు కూడా నేనే కడతా."

సాయంత్రం 6:30
సరే, ముట్టుకోను. కొత్త పేజీ. తీర్మానం: ఈసారి నిజంగా ఒక్కటే భాష, పక్కచూపుల్లేవు. ఏదో తేల్చుకోవడానికి పట్టిక కావాలి. నా పట్టిక నిండా ఇప్పుడు కుక్కలే. ఇంకోటి రాసుకోవాలి, నాలుగు గంటల పని.
అది ఏ భాషలో రాయాలో తేలితే చాలు.