ఎనిమిది మంది వంటవాళ్ళు, నాలుగు పొయ్యిలు

శాన్ లియాండ్రో,
జూన్ 24.

చిరంజీవి వెండెల్‌ను డెల్ఫీనా తల్లి ఒడీలియా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ అలాస్కా చలిలో, ఆ చేపల మధ్య ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని అనుకుంటాను. చేతులు వాచాయని రాశావు. రబ్బరు తొడుగుల లోపల నూలు తొడుగులు వేసుకో. మా నాన్న చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ అలాగే చేసేవాడు. పడుకునే ముందు కాస్త ఆలివ్ నూనె కూడా రాసుకో. వాసన గురించి సిగ్గుపడకు, ఊరు ఊరంతా చేపల కంపు కొట్టేచోట నీ చేతుల వాసన ఎవరు చూడబోతారు?

నీ ఉత్తరం అందింది. డెల్ఫీనాకి రాసినవి అది విప్పడం లేదని తెలిసి నాకు రాయడం మొదలుపెట్టావు కదా, మంచి పనే చేశావు. అత్తగారికి అల్లుడు ఉత్తరాలు రాయడం మా వాళ్ళలో ఎవరూ విని ఉండరు. ఈసారి కూడా "గౌరవనీయులైన మేడమ్ గారికి" అనే మొదలుపెట్టావు. పెళ్ళయి ఏడేళ్ళయినా నన్ను దుకాణానికి వచ్చిన మనిషిని పిలిచినట్టే పిలుస్తున్నావంటే ఆ తప్పు నీది కాదు. వేరే పేరుతో పిలవమని నేనెప్పుడూ అనలేదు.

అడిగినవాటికి జవాబులు చెబుతాను. నిమ్మచెట్టు ఈ ఏడు విరగకాసింది. నీళ్ళు నువ్వు చెప్పినట్టే వారానికొకసారి పోస్తున్నాను. నీ వ్యాను ఇంటిముందే ఉంది. ఆదివారాలు ఇంజను కాసేపు తిప్పి ఆపేస్తున్నాను. ఎదురింటి మెండొన్సాగారు దాన్ని చూసినప్పుడల్లా "మీ అల్లుడొచ్చాడా?" అని అడుగుతాడు. ఆయనకి మతిమరుపా, వెటకారమా అనేది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. డెల్ఫీనాకి దవడ పన్ను నొప్పి తగ్గింది. తిండి మాత్రం సరిగా తినడం లేదు. వెనక గదిలో, పెళ్ళికి ముందు పడుకున్న ఆ చిన్న మంచం మీదే పడుకుంటోంది. ఉదయాన్నే ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళి సాయంత్రం వచ్చి తలుపు వేసుకుంటుంది.

కంప్యూటర్ ఫ్యాను తుడుస్తున్నారా అని అడిగావు. తుడుస్తున్నాను. అయినా మధ్యమధ్యలో బిగుసుకుపోవడం అది మానలేదు. మొన్న పండక్కి చర్చి ఊరేగింపంతా కెమెరాలో పట్టాను. ఈసారి పండగ రాణిగా కిరీటం పెట్టుకున్నది ఆవిలా వాళ్ళ చిన్నమ్మాయి. నాలుగు గజాల పట్టు వెనకాల ఈడ్చుకుంటూ ఎంత దర్జాగా నడిచిందో చూడాలి. సూపు తాగడానికి ఊరంతా హాల్లోకి వచ్చింది. రొట్టె మీద మాంసం పులుసు, పైన పుదీనా, అందరికీ ఉచితం. నీ సంగతి ముగ్గురు అడిగారు, సీజను పనికి వెళ్ళాడన్నాను. ఆ వీడియో కూర్చడానికి కూర్చుంటే సరిగ్గా ఆ పిల్ల చర్చి మెట్లెక్కేచోట బొమ్మ బిగుసుకుపోయింది. ఒక కాలు గాల్లో పెట్టి, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది పాపం. నేను తెర ముందు కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆ పెట్టెను చూసినప్పుడల్లా నాకిప్పుడు కోపం రావడం లేదు, సిగ్గేస్తోంది.

ఇక కోర్టు సంగతి. కంప్యూటర్ కంపెనీ వాళ్ళు డబ్బా మీద దాని మెదడుకి ఎనిమిది కోర్లని గొప్పగా అచ్చేసి, లోపల సగంసగం సరుకు పెట్టారని అందరి తరఫునా వేసిన దావాలో నా పేరు ముందుందని నీకు తెలుసు. వేలమంది కొన్నారు కదా, అందరూ కోర్టుకు వెళ్ళలేరు కాబట్టి ఇద్దరిని ముందు నిలబెట్టారు. ఒకరు శాక్రమెంటోలో పంతులమ్మ, రెండోది నేను. రాజీ కుదిరింది. కొన్నవాళ్ళందరికీ తలా కొంత వస్తుంది, మేమిద్దరం ముందు నిలబడినందుకు మాకు కాస్త ఎక్కువ. ఆ రాజీ న్యాయంగానే ఉందా లేదా అని జడ్జిగారు ఆఖరుసారి వినేది వచ్చే నెలాఖరులో. చర్చిలో అందరూ నన్ను పొగుడుతున్నారు. "పెద్ద కంపెనీ మెడలు వంచావమ్మా ఒడీలియా" అంటూ ఫాదర్ గారు సూపు గిన్నె నా చేతికి తనే అందించారు. ఆ గిన్నెను నేను పక్కనున్నవాళ్ళకి ఇచ్చేశాను. ఆయన దాన్నీ నా మంచితనమే అనుకుని ఉంటారు.

నీ ఉత్తరంలో చివరి పేరా ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నువ్వు రాసింది ఇది. "మేడమ్, కోర్టులో నన్నేమైనా అడుగుతారేమో. దుకాణంలో ఆరోజు మనం మాట్లాడుకున్నది మీకు గుర్తుండి ఉండదు, ఎన్నో పనుల్లో ఉంటారు, మర్చిపోవడం సహజం. మీరు ప్రమాణం చేసి చెప్పిన మాట ఉన్నదున్నట్టు నాకు రాసి పంపండి. నన్ను పిలిస్తే నేనూ అదే చెబుతాను. మీ మాటా నా మాటా ఒక్కటిగా ఉంటే మీకు ఇబ్బంది ఉండదు."

వెండెల్, నేను మర్చిపోలేదు.

ఆరోజు నువ్వు పనిచేసే కంప్యూటర్ల దుకాణంలో నువ్వన్న ప్రతి మాటా గుర్తుంది. నేను ఆ మెరిసే డబ్బా పట్టుకుని వచ్చాను. నువ్వు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మేడమ్, ఇది వద్దండి. ఎనిమిది అని రాశారు గానీ, ఎనిమిది మంది వంటవాళ్ళని పెట్టి నాలుగే పొయ్యిలిచ్చారు. ఇద్దరిద్దరూ ఒక్కో పొయ్యి దగ్గర తోసుకుంటారు. మీ వీడియోలకి ఆ పక్కనున్నది చాలు, ధర కూడా తక్కువే" అన్నావు. అంత అర్థమయ్యేలా ఆ కంప్యూటర్ల గురించి నాకు మరెవరూ చెప్పలేదు. కానీ నేనేమన్నాను? "నువ్వు సరుకు అమ్మేవాడివా, బేరం చెడగొట్టేవాడివా? నా స్తోమతు నువ్వు లెక్కేస్తున్నావా?" అన్నాను. "స్తోమతు గురించి కాదండి..." అని నువ్వు అంటుంటే, "సంచీలో పెట్టు" అన్నాను. నువ్వు పెట్టావు. రసీదు మడిచి ఇచ్చి, కారు దాకా మోసుకొచ్చావు కూడా.

నీ మాట వినకపోవడానికి కారణం పెద్దదేమీ కాదు. ఆ మాట చెప్పింది నువ్వు కాబట్టి వినలేదు. నా కూతురు మా వాళ్ళలో ఎవర్నీ చేసుకోకుండా, ఫ్రెస్నో నుంచి వచ్చిన ఒక్క మాటైనా గట్టిగా మాట్లాడని మనిషిని చేసుకుందని నాలో ఒక ముల్లు ఉండిపోయింది. నీలో ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఏడేళ్ళూ వెతికాను. దొరకలేదు. దొరక్కపోయేసరికి నేనే ఒకటి తయారుచేశాను.

ఓక్లండ్‌లో, కోర్టు కోసం సాక్ష్యం రాసుకునే గదిలో, పొడవాటి బల్ల ముందు కూర్చోబెట్టి ప్రమాణం చేయించారు. కెమెరా నా మీదే ఉంది. కంపెనీ తరఫు కుర్రలాయరు మర్యాదగానే అడిగాడు. "దుకాణంలో ఈ ఎనిమిది గురించి మీకెవరైనా వేరేగా చెప్పారా?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెబితే, తెలిసి తెలిసి కొన్న మొండిమనిషినవుతాను. మోసపోయిన ముసలమ్మగా నాకు దొరికిన గౌరవం అక్కడే పోతుంది. అందుకని, "ఎనిమిదీ అసలైనవేనని అమ్మినవాడు నాకు మాటిచ్చాడు" అన్నాను. "అమ్మినదెవరు?" అన్నాడు. "మా అల్లుడు" అన్నాను. నాలుక తడబడలేదు. అదే నాకిప్పటికీ భయంగా ఉంది.

ఆ కాగితాలు మీ దుకాణం వాళ్ళకి చేరతాయని నాకు తట్టలేదు. ఈ మాట నిజమే, కానీ దీన్ని సాకుగా చెప్పుకోను. దావా తమ మెడకి చుట్టుకుంటుందని వాళ్ళు భయపడి నిన్ను పంపేశారు. ఆ సాయంత్రం డెల్ఫీనా మా వంటింట్లోకి వచ్చింది. నేను సూపులోకి ఆకుకూర తరుగుతున్నాను.

"అమ్మా, ఒక్కటే అడుగుతా. నిజంగా నీకు మాటిచ్చాడా?" అంది.

"ఇచ్చాడు" అన్నాను. తల ఎత్తలేదు, తరగడం ఆపలేదు.

"సొంత మనిషికే అంటగట్టాడా?" అని అది కుర్చీలో కూలబడిపోయింది. గదిలో ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం కంటే ఇదే పెద్దది. అక్కడున్నవాళ్ళు పరాయివాళ్ళు. ఇది నేను కన్న పిల్ల. నిన్ను నిలదీస్తే, "మీ అమ్మగారు ఎలా చెబితే అలాగే" అన్నావట. అది ఒప్పుకోవడమే అనుకుని పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఒక్కమాట నోరు విప్పి ఉంటే నీ ఉద్యోగమూ ఉండేది, నీ భార్యా ఉండేది. నేను ప్రమాణం చేసి అబద్ధమాడానని బయటపడుతుందని నువ్వు నోరు మూసుకున్నావు. నాకు నోట్లో నాలుక లేనివాడిగా కనిపించిన మనిషివి.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మా లాయరు గ్రెటా దగ్గరికి వెళ్ళాను. చెప్పేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ మాట నాకు మొదటిరోజే చెప్పాల్సిందండీ."

"మొదటిరోజు నేను ఇంత సిగ్గుపడలేదు" అన్నాను.

"జడ్జిగారు ఏమంటారో నేను హామీ ఇవ్వలేను. మీకు వేరే లాయరు కావాలి. మీ పేరు తీసేయాలి. మీకు విడిగా రావాల్సింది రాదు."

"మిగతావాళ్ళకి రావాల్సింది పోతుందా?"

ఆవిడ ఫైలు తిరగేసింది. పంతులమ్మ సాక్ష్యం గట్టిగా ఉంది కాబట్టి రాజీ నిలబడే అవకాశమే ఎక్కువ అంది. ఆవిడ ఆ మాట అనకపోయినా జడ్జిగారికి నిజం చెప్పడానికి సిద్ధపడేదాన్నా అంటే, ఏమో, నాకు తెలియదు. నీకింక గొప్పలు చెప్పదలచుకోలేదు.

డెల్ఫీనాకి ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను. వంటింట్లో దానితో అన్న ఆ ఒక్క "ఇచ్చాడు" నుంచీ చెప్పుకొచ్చాను. అది చెంచా పక్కన పెట్టింది.

"నాన్న ఉంటే నీతో కలిసి ఈ బల్ల దగ్గర కూర్చునేవాడు కాదు" అంది.

"కూర్చునేవాడు కాదు" అన్నాను.

"అతని ఉత్తరాలు పారేశావా?"

పారేయలేదు. అది చెత్తబుట్టలో పడేసినవన్నీ తీసి దాచాను. విప్పకుండానే దాచాను, ఆ పాటి నీతి మిగిలింది. అన్నీ పట్టుకుని నిమ్మచెట్టు కిందికి వెళ్ళింది. వంటింటి కిటికీలోంచి చూశాను. ఒకచోట నవ్వింది. నీ గదిలో పడుకునే ఫిలిప్పీన్స్ ఆయన గురక గురించేమో, నాకు రాసినదాంట్లో కూడా ఉంది కదా. ఆ తర్వాత మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. నేను బయటికి వెళ్ళలేదు. వెళ్ళే హక్కు నాకు లేదనిపించింది.

అప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు. నిన్న మాత్రం నా కంప్యూటర్ ముందు కూర్చుని అలాస్కాకి విమానం టికెట్లు వెతుకుతూ, "అమ్మా, నీ దిక్కుమాలిన పెట్టె మళ్ళీ ఆగిపోయింది" అని అరిచింది. ఇన్ని రోజుల్లో అది నాతో అన్నది ఆ ఒక్కమాటే. వెళ్ళి నువ్వు నేర్పినట్టు ఆపి మళ్ళీ వెలిగించాను. టికెట్ దొరికింది. ఈ ఉత్తరం కంటే ముందే అది నీ దగ్గర ఉండొచ్చు. ఉంటే దాని ముందు నన్ను వెనకేసుకు రాకు. ఆ అలవాటు ఇక మానుకో.

మీ దుకాణం వాళ్ళకి కూడా నిజం రాసి పంపాను. ఉద్యోగం తిరిగి ఇస్తారో లేదో తెలియదు. నువ్వు క్షమిస్తావో లేదో కూడా నేను అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నాకు అంత సులువుగా తెమిలిపోకూడదు.

నువ్వడిగింది మాత్రం పంపుతున్నాను. నేను ప్రమాణం చేసి అన్న మాట ఉన్నదున్నట్టు రాసివ్వమన్నావు. అన్నది కాదు, వచ్చే నెల జడ్జిగారి ముందు నిలబడి అనబోయేది రాస్తున్నాను. నిన్ను పిలిస్తే దీనితో సరిపోల్చుకో.

"మా అల్లుడు వద్దన్నాడు. నేనే వినలేదు."

ఇట్లు,
మీ అత్తయ్య
ఒడీలియా