అరవాటా

మైపాడు, 1964
మంగళవారం రాత్రి

నిన్నటి మీటింగులో, "నన్ను పంచాయతీకి గెలిపిస్తే వల లాగే ప్రతి కుర్రవాడికీ పెద్దవాళ్ళతో సమానంగా వాటా ఇప్పిస్తా" అని గొంతు చించుకున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అంతలో మా పడవలో వల లాగే కుర్రవాడు పోలయ్య లేచి, "గెలిచిందాకా ఎందుకన్నా? రేపు మీ పడవలోనే మొదలుపెట్టరాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పడవ నాయనది. పెళ్ళికానివాడు ఎంత లాగినా అరవాటాయే అన్నది తాతల నాటి కట్టుబాటు. అయినా ఈ పొద్దున ఒడ్డున చేపలు పంచేటప్పుడు పోలయ్య కుప్పను కూడా అందరి కుప్పలంత చేశాను. "ఇది నాదేనా అన్నా?" అని రెండుసార్లు అడిగి గానీ వాడు బుట్టలోకి ఎత్తుకోలేదు. నాయన చూశాడు, తెడ్డు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. దానికే ఎక్కువ భయపడ్డాను.

మధ్యాహ్నానికల్లా మిగతా పడవల వాళ్ళు ఇంటిమీదికి వచ్చారు. "మీవోడు ఓట్ల కోసం మా కుర్రోళ్ళని చెడగొడతా ఉండాడు" అని నాయనతో అన్నారు. ఇక వాళ్ళ ఓట్లు పోయినట్టే. వాళ్ళు చెప్పినట్టు వేసేవాళ్ళవి కూడా...

రాత్రి అన్నం దగ్గర నాయన నోరు విప్పాడు.

"పెళ్ళయిందాకా నేనూ అరవాటానే తెచ్చినా. మా అమ్మ ఒక్కనాడూ ఏమీ అన్లేదు. తన చేపముక్క తీసి నా పళ్ళెంలో వేసేది."

చేయి కడుక్కుని లేస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "రేపు కుప్పలన్నీ సమానంగా నేనే పెడతా. అడిగేవాళ్ళు నన్నే అడగనీ."